తెలుగు ధ్వనుల లెక్క, కొల్లేటి గట్టు మీంచి

‘ఊరు’కు విభక్తి చేరాలంటే అది ‘ఊరి’ అవుతుంది. ‘ఏరు’ అయితే ‘ఏటి’ అవుతుంది. అందుకే ఏలూరు ఇంటిపేర్లలోకి ఏలూరి అయి చేరింది, కొల్లేరు మాత్రం కొల్లేటి అయింది. సరస్సు నడుమ పెద్దింట్లమ్మ కొలువున్న ఊరు కొల్లేటికోట. కొల్లేరికోట అంటే అక్కడి చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. తమ్మిలేరు, బుడమేరు పొంగినా తమ్మిలేటి నీళ్ళు, బుడమేటి నీళ్ళు అనే అంటాం. రాతలో చూస్తే అన్నింటి చివరా ఉన్నది ఒకటే ‘రు’. ఒకటే అయితే ఒకచోట రి, ఇంకోచోట టి ఎందుకు రావాలి?

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇలాంటి మాటలను ఔపవిభక్తికాల లెక్కలో వేసి, ఇ, టి, తి వస్తాయని చెప్పి ఊరుకున్నాడు. ఎందుకొస్తాయో చెప్పడం వ్యాకరణం పని కాదు, ధ్వనుల చరిత్ర పని. పాత రాతలో ఏరు ‘ఏఱు’, శకటరేఫతో. తమిళంలో ఈ మాటే ‘ఆఱు’. విభక్తి ముందు అక్కడ ఱకారం రెట్టించి ‘ఆట్రు’కు దగ్గరగా పలుకుతుంది. మలయాళంలో రెట్టించిన ఱకారం ఇప్పటికీ శుద్ధమైన స్పర్శమే. నాలుక కొన పైపళ్ళ వెనక చిగురు గట్టుకు తగిలి విడిపోతుంది. అంటే త కన్నా వెనక, ట కన్నా ముందు. మూలద్రావిడంలో త, ట లకు నడుమ ఇలాంటి మూడో స్పర్శం ఒకటి ఉండేదని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. తెలుగులో అది ఒంటిగా ఉన్నచోట అదురుతూ పలికే ఱ అయి, చివరికి మామూలు ర లో కలిసిపోయింది. రెట్టించిన చోట ట వైపు ఒరిగింది. ఊరులోని ర మాత్రం మొదటినుంచీ ర. తమిళంలోనూ అది ఊర్.

ఇంతవరకు కథ చక్కగా ఉంది. కానీ నీరు, గోరు మాటేమిటి? తమిళంలో అవి నీర్, ఉగిర్. రెండింటిలోనూ సాదా రేఫే. అయినా మనం నీటి, గోటి అంటున్నాం. టి అన్న ప్రత్యయానికి దాని చరిత్ర దానికుంది, పైగా ఒక మాటను చూసి ఇంకో మాట నడక మార్చుకోవడం భాషలో నిత్యం జరిగేదే. కాబట్టి కొల్లేటిలోని టకారానికి ఒక్క ఱకారాన్నే సాక్షిగా నిలబెడితే కేసు నిలవదు. ఱకారం మంచి సాక్షే, ఏకైక సాక్షి కాదు. ధ్వనిశాస్త్రంలో తగాదాలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

తెలుగు నోట ఎన్ని ధ్వనులున్నాయి, వాటిని ఎవరు ఎలా పట్టుకున్నారు, పట్టుబడనివి ఏవి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ విషయంలో మనకు తెలిసిన గట్టి సంగతులన్నీ అక్షరాన్ని కాసేపు పక్కనబెట్టి నోటిని చూసినవాళ్ళు తెచ్చిపెట్టినవే.

నోటిని చూడడం మనకు కొత్త విద్యేమీ కాదు. కచటతప వరసలోనే శాస్త్రం ఉంది: గొంతు దగ్గర మొదలుపెట్టి పెదవుల దాకా, వెనక నుంచి ముందుకు. ప్రతి వర్గంలోనూ శ్వాసం, నాదం, అల్పప్రాణం, మహాప్రాణం, అనునాసికం అని మళ్ళీ విభజన. ప్రాతిశాఖ్యలు ఒక్కో వర్ణానికి నాలుక ఎక్కడ తగలాలో, పెదవి ఎలా ఉండాలో నిర్ణయించాయి. తెలుగునాట వేదపండితులు ఎక్కువగా పఠించే కృష్ణయజుర్వేదానికి తైత్తిరీయ ప్రాతిశాఖ్య ఉంది. అమెరికా సంస్కృత పండితుడు విట్నీ దాన్ని 1871లో అనువదించి అచ్చువేశాడు. ప్రాచీన భారతంలోని ధ్వనిశాస్త్రం మీదే 1953లో డబ్ల్యు. ఎస్. ఆలెన్ ఒక పుస్తకం రాశాడు. పారిస్‌లో 1886లో పుట్టిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం తయారుచేసిన పట్టికలో కూడా అడ్డవరస ఉచ్చారణ స్థానాలదే. అది పెదవుల నుంచి గొంతుకు నడుస్తుంది, మనది గొంతు నుంచి పెదవులకు.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఆ పట్టిక సంస్కృతం కోసం కట్టింది. దాన్ని తెచ్చి తెలుగు అక్షరమాలగా గోడకు తగిలించి, పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం అని మురిసిపోవడం మనకు అలవాటైంది. చిన్నయసూరికి ఈ భ్రమ లేదు. సంస్కృతానికి యాభై వర్ణాలు, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పైఆరు అని విడదీసి చెప్పాడు. సంస్కృతంలో లేని హ్రస్వ ఎ, ఒ లను, దంత్య ౘ, ౙ లను తెలుగు లెక్కలో చేర్చాడు. బడిలో మనం నేర్చుకున్నది మాత్రం ఆ ముప్పైఆరు కాదు, యాభైఆరు.

కొల్లేటి చేపల రేవులో నిలబడి వింటే ఆ భ్రమ అరగంటలో వదిలిపోతుంది. చేప, చాప అని పక్కపక్కన అనండి. చేప అన్నప్పుడు నాలుక మధ్యభాగం అంగిలికి ఒరుసుకుంటుంది. చాప అన్నప్పుడు నాలుక కొన పైపళ్ళ వెనక్కి పోయి, త, స కలిసినట్టు వస్తుంది. అక్షరం ఒకటే, చ. జెల్లలో జ వేరు, జల్లెడలో జ వేరు. చీమ, చెట్టు, చేతికి ఒకటి. చదువు, చుట్టం, చొక్కాకు ఇంకొకటి. ఇ, ఎ ల ముందు తాలవ్యం, అ, ఉ, ఒ ల ముందు దంత్యం అన్నది సూత్రం. సంస్కృతం నుంచి వచ్చిన చంద్రుడు, చరిత్ర ఈ సూత్రానికి లొంగవు.

ఇప్పుడు ‘వచ్చాడు’ తీసుకోండి. రాతలో ‘చ్చా’ ఉంది, సూత్రం ప్రకారం చాపలోలాగా దంత్యం రావాలి. రాదు. కారణం, అక్కడున్నది ఆ కాదు. బ్యాంకు, ఫ్యానులలో వినిపించే అచ్చు అది, ఎ కు అ కు నడుమ నోరు వెడల్పుగా తెరిచి పలికేది. వచ్చినాడు నలిగి వచ్చాడు అయినప్పుడు పుట్టిన అచ్చు. దానికి మనకు అక్షరం లేదు. కొందరు దాన్ని వేరే అచ్చుగా లెక్కించమంటారు. అలా లెక్కిస్తే చ లు రెండూ ఒకే వర్ణానికి రెండు రూపాలుగా సర్దుకుంటాయి. లెక్కించకపోతే చ లు రెండు వర్ణాలు కాక తప్పదు. రెండింటిలో ఏదో ఒకటి ఒప్పుకోవాలి. ఆ అచ్చును వేరుగా లెక్కించడమే సబబని భాషాశాస్త్రజ్ఞుడు భద్రిరాజు కృష్ణమూర్తి అన్నారు, నాకూ అదే సరిగా తోస్తుంది. కృష్ణా, గుంటూరు వైపు వచ్చాడు అంటే గోదావరి దాటి విశాఖ వైపు పోయేకొద్దీ వచ్చేడు వినిపిస్తుంది. ఏలూరు ఈ రెండింటికీ నడుమ ఉంది. ఒకే ఇంట్లో తాత ఒకలా, మనవడు ఒకలా పలకడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

మేక, మేకు కూడా ఇలాంటి జంటే. మొదటిదానిలో ఏ కిందికి జారి నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది, రెండోదానిలో పైనే నిలుస్తుంది. వెనక వచ్చే అ, ఉ లు ముందున్న అచ్చును అలా లాగుతాయి. రాసేవాడికి ఈ తేడాతో పనిలేదు. తెలుగు కొత్తగా నేర్చుకునే పరాయివాడికీ, మనిషిలా మాట్లాడాల్సిన యంత్రానికీ మాత్రం ఇవే ప్రాణం.

మహాప్రాణాల సంగతి ఇంకా విచిత్రం. ధర్మం, భయం అని రాస్తాం. మామూలు మాటల్లో వాటిని ఎందరు ఒత్తి పలుకుతారో చెవి పెట్టి వినండి. అచ్చతెలుగు మాటల్లో ఒత్తులుండవన్నది పాత మాట. అయితే చేపల వేలంలో కేకలు వినండి: నలభై, యాభై, ఎనభై, తొంభై. ఇవి అచ్చతెలుగు అంకెలు, వీటిలో భ ఎక్కడిది? పది అన్న మాటకు మూలరూపంలో హకారం లాంటి ఒక కంఠ్య ధ్వని ఉండేదనీ, అది బ తో కలిసి భ గా మిగిలిందనీ కృష్ణమూర్తి వాదించారు. తమిళంలో ఆయుతమని ఒక అక్షరం ఉంది కదా, దాన్ని కూడా ఆయన ఈ కంఠ్య ధ్వనికే సాక్ష్యంగా చూపారు. వేల ఏళ్ళ కిందట పోయిన ధ్వని తాలూకు గుర్తు ఒకటి రోజూ రొయ్యల బేరంలో నలుగుతోందంటే, అందరూ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అందమైన వాదం.

ఒంగోలులో 1928లో పుట్టిన కృష్ణమూర్తి గురించి రెండు మాటలు విడిగా చెప్పాలి. తెలుగు ధాతువుల మీద ఆయన గ్రంథం 1961లో వచ్చింది. మరుసటేడు ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. 2003లో కేంబ్రిడ్జి వారు వేసిన ‘ద్రావిడ భాషలు’ ఆయన జీవితకాలపు పని. తెలుగు ఎందుకు ఇలా పలుకుతుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబుల్లో నాకు బాగా నచ్చింది మాట మొదట్లో వచ్చే ర, ల, డ ల కథ. మూలద్రావిడంలో ఇవి మాట మొదట రావు. తమిళం ఆ మర్యాద పాటించింది: ఇరండు, ఉరల్, ఉళ్. తెలుగులో ముందున్న అచ్చు, వెనకున్న హల్లు చోట్లు మార్చుకున్నాయి: రెండు, రోలు, లో. మరం అన్నది మ్రాను అయి, ఆ తర్వాత మాను అయింది. ఈ మార్పు ఒక్కరోజులో అన్ని మాటలకూ జరగలేదు. ఒక్కో మాటా దాటుకుంటూ పోయింది. ధ్వని మార్పు నిఘంటువులో మాటమాటగా పాకుతుందని చూపడానికి ఇది ప్రపంచంలో అందరూ ఉదహరించే సాక్ష్యాల్లో ఒకటిగా నిలిచింది.

ఇలాంటిదే ఉప్పు కథ. కొల్లేరు నీళ్ళను బంగాళాఖాతానికి మోసే ఉప్పుటేరు పేరులోనే అది ఉంది. తెలుగులోనూ తమిళంలోనూ ఉప్పు. కుయిలో సారు, కువిలో హారు. గోండి మాండలికాల్లో ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంటే మాట మొదటి స కొన్నిచోట్ల స గానే ఉంటుంది, కొన్నిచోట్ల హ అవుతుంది, ఇంకొన్నిచోట్ల ఏమీ లేకుండా పోతుంది. ఉప్పు ముందు ఒకప్పుడు చకారం ఉండేదనీ, అది స, హ ల మీదుగా జారిపోయిందనీ దీన్నిబట్టి తెలుస్తుంది. మన నోట ఎప్పుడో ముగిసిన మార్పు గోండి మాట్లాడేవాళ్ళ నోట ఇంకా నడుస్తూనే ఉంది. ఒక భాష గతం ఇంకో భాష వర్తమానంలో కనిపించడం అంటే ఇదే. పక్క భాషలు చదవని తెలుగు పండితుడికి ఇది ఎన్నటికీ దొరకదు.

పోయిన ధ్వనుల్లో ఇంకొకటుంది. తమిళులు కోఴి, ఏఴు, చోఴ అనేటప్పుడు నాలుక వెనక్కి మడిచి ఎక్కడా తగలకుండా పలికే ధ్వని అది. రేనాటి చోళుల కాలం నాటి తెలుగు శాసనాల్లో దానికి ప్రత్యేకంగా అక్షరం ఉంది. తర్వాత అది డ లో కలిసింది: కోడి, ఏడు, చోడ. కొన్నిచోట్ల ర అయింది: తమిళంలో పుఴు, మనకు పురుగు. ఏలూరికి కూతవేటు దూరంలో ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగి. అక్కడ ఏలిన శాలంకాయనుల రాగిరేకులు ప్రాకృతం, సంస్కృతాల్లో ఉన్నాయి, తెలుగు ఊళ్ళ పేర్లలో మాత్రమే తొంగిచూస్తుంది. తర్వాత వచ్చిన తూర్పు చాళుక్యులు శాసనాలను తెలుగులోనూ చెక్కించారు. ఱ, ర ల తేడాను కవులు ప్రాసలో ఇంకా కొన్ని వందల ఏళ్ళు కాపాడారు. పదిహేడో శతాబ్దంలో అప్పకవి ఏ మాటలో ఏ రేఫ రాయాలో పట్టికలు ఇవ్వాల్సి వచ్చింది. పట్టిక కావాల్సి వచ్చిందంటే నోట ఆ తేడా అప్పటికే పోయిందని అర్థం. కంప్యూటరు యుగంలో మాత్రం ఈ అక్షరాలన్నీ తిరిగొచ్చాయి. యూనికోడులో ౘ, ౙ 2008లో, ఴ 2014లో, శాసనాల్లోని స్పర్శ ఱకారం ౚ 2015లో చేరాయి. పలికేవాళ్ళు లేకపోయినా టైపు చెయ్యొచ్చు.

చరిత్ర నుంచి ప్రయోగశాలకు వద్దాం. ట, డ, ణ, ళ లు మూర్ధన్యాలని చిన్నప్పుడే చదివాం. హిందీవాళ్ళ ట, మన ట ఒకటేనా? పీటర్ లాడెఫోగెడ్, పేరి భాస్కరరావు కలిసి 1983లో హిందీ, తమిళ, తెలుగు మాట్లాడేవాళ్ళ నోళ్ళను ఎక్స్-రేలో చూశారు. హిందీ ట కు నాలుక కొన చిగురు గట్టు వెనక తగులుతుంది. తెలుగు, తమిళాల్లో నాలుక ఇంకా వెనక్కి మడతపడి, దాని అడుగుభాగమే అంగిలికి తగులుతుంది. అక్షరం పేరు ఒకటే, పని వేరు. మూర్ధన్యమంటే ఒకే చోటు అనుకునే సిద్ధాంతానికి ఈ కొలతలు అడ్డు తగిలాయి. వీళ్ళే తర్వాత ఇంకొకరితో కలిసి నీలగిరుల్లోని తోడ భాషలో అదిరే ధ్వనుల మీద 1996లో రాశారు. మనం ఒకటి పోగొట్టుకున్న చోట తోడలు అరడజను నిలబెట్టుకున్నారు.

ఈ పనిలో నాకు ముచ్చటేసేది దాని చవక. మెత్తగా నూరిన బొగ్గుపొడి నూనెలో కలిపి నాలుక మీద పూస్తారు. ‘అట్ట’ అనిపిస్తారు. చిన్న అద్దం నోట్లో పెట్టి అంగిలి ఫొటో తీస్తారు. నల్లమచ్చ ఎక్కడ పడిందో అక్కడే నాలుక తగిలింది. తర్వాత నోరు కడుక్కుని ‘అత్త’. మచ్చ ఈసారి పళ్ళ వెనక. మచ్చ తెలుగు ట కు ఎక్కడ పడాలో తెలుసుకోవాలంటే పూత నాలుక అడుగున కూడా వెయ్యాలి, హిందీవాడికైతే కొనకు వేస్తే చాలు. తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీకి దేశం నలుమూలల నుంచి పిల్లలొస్తారు. ఆ ఊరి పేరు రోమన్ లిపిలో చూస్తే మొదటి టీ త అని గానీ, తర్వాతి డీలు రెండూ డ లని గానీ తెలియదు. ఒక్కో రాష్ట్రంవాడు ఆ పేరును ఎలా పలుకుతాడో పోగుచేస్తే భారతీయ మూర్ధన్యాల మీద ఒక వ్యాసం తయారవుతుంది.

ట, త ల తేడా మనకు పుట్టుకతో వచ్చిందనుకుంటాం. నిజానికి అందరికీ వస్తుంది, కొందరికి పోతుంది. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపిన సంగతి ఇది: ఇంగ్లీషు ఇళ్ళలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీ ట, త లను విడదీసి వింటారు; ఏడాది నిండేసరికి ఆ శక్తి సన్నగిల్లుతుంది. వాడని ధ్వనిని చెవి వదిలేస్తుంది. మన పిల్లలు శ, ష, స లను ఒకటి చేస్తున్నారని బాధపడే మాస్టార్లు ఇంట్లో ఎవరు వాటిని విడిగా పలుకుతున్నారో ముందు చూసుకోవాలి.

ప, బ ల తేడా ఇంకో రకం. పెదవులు విడిపోవడానికీ గొంతులో నాదం మొదలవడానికీ నడుమ ఎంత వ్యవధి ఉందన్నదే లెక్క. లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ 1964లో పదకొండు భాషల్లో ఈ వ్యవధి కొలిచారు. తమిళం, హిందీ, మరాఠీ ఉన్నాయి, తెలుగు లేదు. అంతకు ముందటేడే లిస్కర్ తెలుగు నేర్పే పుస్తకం రాశాడు, అయినా మనకు చోటు దక్కలేదు! తెలుగు ధ్వనులను యంత్రాలతో చూసిన చిన్న గ్రంథం ఒకటి 1977లో కోస్టిచ్, మిట్టర్, కృష్ణమూర్తి పేర్లతో కలకత్తా నుంచి వచ్చింది.

ప్రపంచం లెక్కలో మనం ఎక్కడున్నాం? ఇయాన్ మాడిసన్ 1984లో 317 భాషల ధ్వనులను పట్టిక వేశాడు. పసిఫిక్‌లోని బూగన్‌విల్ దీవి రోటోకాస్‌లో పదకొండు ధ్వనులే ఉంటే, ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని కొన్ని భాషల్లో వంద దాటుతాయి. ఆ వందలో చాలావి నాలుకతో టక్కుమనిపించే శబ్దాలు. జాలి పడి చ్చొచ్చొ అన్నప్పుడు, ఎడ్లను అదిలించినప్పుడు అవే శబ్దాలు మనమూ చేస్తాం. మనకు అవి మాటలు కావు, వాళ్ళకు హల్లులు. ముర్రే ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒకే భాషాక్షేత్రంగా చూడాలని వాదించినప్పుడు ఆయన చేతిలోని బలమైన సాక్ష్యాల్లో మూర్ధన్యాలు ఒకటి. ఆర్య, ద్రావిడ, ముండా కుటుంబాలు వేరైనా పక్కపక్కన బతికి ఇచ్చిపుచ్చుకున్నాయి. ఏలూరు తివాచీ నేతగాళ్ళ వీధుల్లో వినిపించే ఉర్దూ, పక్కింటి తెలుగు ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాయి.

అచ్చుల సామరస్యం మన ప్రత్యేకత. మనిషి ఒక్కడైతే మనిషి, నలుగురైతే మనుషులు. చివర ‘లు’ చేరగానే ఇకారాలు వరసగా ఉకారాలయ్యాయి. టర్కీ భాషలోనూ ఇలాంటి సామరస్యం ఉంది, కాకపోతే అక్కడ ధాతువు అచ్చును బట్టి ప్రత్యయం మారుతుంది. మన బహువచనంలో ప్రత్యయం వెనక్కి తిరిగి మాటనే మార్చేస్తుంది. పులికి, చెరువుకు అన్నప్పుడు మాత్రం మనమూ టర్కీవాళ్ళలాగే.

కొత్త మాటలొచ్చినప్పుడు ఈ సూత్రాలన్నీ బయటపడతాయి. కొల్లేటి చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువులే. రైతు నోట కరెంటు, ట్యాంకు, కౌంటు అన్నీ ఉకారంతో ముగుస్తాయి. హల్లుతో మాట ముగియడం తెలుగు నోటికి గిట్టదు. పసిఫిక్ తెల్లరొయ్యకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు వాన్ నేమ్ అనే అమెరికా జీవశాస్త్రవేత్తది. లాటిన్ తోక తగిలి వన్నమెయి అయింది. మన చెరువు గట్టు మీదికొచ్చేసరికి ద్విత్వం పోయి, అచ్చులు సర్దుకుని వెనామీ అయింది. దీన్ని అపభ్రంశమని విదిలించడం కన్నా, ఏ అచ్చు ఎందుకు సాగిందో అడగడం మేలు.

గోదావరి యాస మీద జోకులకు కొదవ లేదు. సినిమావాళ్ళు ప్రతి వాక్యం చివరా ‘ఆయ్’ తగిలిస్తే యాస వచ్చేసిందనుకుంటారు. సాగదీస్తారంటారు, ఏ అచ్చును, ఎంతసేపు, గొంతు ఎక్కడ లేచి ఎక్కడ దిగుతోంది? ఇవన్నీ కొలవగలిగినవే. ఆంస్టర్‌డాంలో పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ప్రాత్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాపు చాలు. కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం రైతుల మాటలను ఊరూరా అడిగి పోగుచేసింది. గొప్ప పని. కానీ అది పదాల కోశం. కాగితం మీద రాసిన పదంలో రాగం మిగలదు.

ఇక అక్షరమే లేని భాషల సంగతి. గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమానికే గుర్తుపెట్టుకుంటాం, ఆగస్టు 29న దండ వేస్తాం. పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకుని, ధ్వని సంకేతాలతో దాన్ని రాసి, 1931లో వ్యాకరణ గ్రంథం ఇచ్చిన ధ్వనిశాస్త్రజ్ఞుడు ఆయనే. సవరలో అచ్చు మధ్య గొంతు ఒక్కసారి బిగుసుకుని ఆగే ధ్వని ఉంది, తెలుగు లిపిలో దానికి చోటు లేదు. వ్యావహారికం కోసం పోరాడిన ధైర్యం ఆయనకు ఈ వినికిడి నుంచే వచ్చిందని నా నమ్మకం. రాత లేని భాషను చెవితో పట్టినవాడు, ఉన్న భాషను రాత కోసం చంపనివ్వడు.

ఏలూరు జిల్లా మన్యంలో, బుట్టాయగూడెం, పోలవరం, కుకునూరు, వేలేరుపాడు వైపు కోయలున్నారు. కోయ భాష గోండికి చుట్టం. గోదావరి ఒడ్డు గొమ్ముకోయల మాట మీద స్టీఫెన్ టైలర్ 1969లో వ్యాకరణం అచ్చువేశాడు. ఆ తర్వాత ఆ గట్టు గట్టుగా లేదు. పోలవరం ముంపు కింద ఊళ్ళు లేచి పునరావాస కాలనీలకు పోయాయి. వేర్వేరు ఊళ్ళ యాసలు ఒకే వీధిలో కలిశాయి, పిల్లల బడి తెలుగులో నడుస్తోంది. ధ్వనులు మారేది ఇలాంటప్పుడే, అదీ ఒక తరంలోనే.

ఇవతల 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి పథకం లాంటివి భారతీయ భాషలను యంత్రాలకు నేర్పే పనిలో ఉన్నాయి. యంత్రం ఏ గొంతులు వింటే ఆ గొంతులే నేర్చుకుంటుంది. వార్తలు చదివే తెలుగు మాత్రమే వినిపిస్తే, కైకలూరు రొయ్యల రైతు ఫోన్లో అడిగింది దానికి అర్థం కాదు. తప్పు రైతు మీదికే పోతుంది, సరిగా పలకలేదని.

అందుకే ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం కాలేజీల్లో తెలుగు చెప్పే మాస్టార్లకూ చదివే పిల్లలకూ ఒక విన్నపం. ఈ ఏడు ప్రాజెక్టు పని కింద ఒక్కో విద్యార్థీ ఒక్కో ముసలాయన్నో ముసలమ్మనో కూర్చోబెట్టి అరగంట మాట్లాడించండి. కొల్లేటి లంకల్లో వల పట్టినవాళ్ళు, తివాచీ మగ్గం దగ్గర కూర్చున్నవాళ్ళు, పునరావాస కాలనీల్లోని కోయ పెద్దలు ముందు రావాలి. వాళ్ళ అనుమతి తీసుకోండి. పుట్టిన ఊరు, ఏడు, ఇంట్లో మాట్లాడే భాషలు రాసుకోండి. ఫ్యాను ఆపి, ఫోను దగ్గరగా పెట్టి రికార్డు చెయ్యండి. చేప, చాప, మేక, మేకు, వచ్చాడు, తొంభై తప్పకుండా అడగండి. విన్నది విన్నట్టు రాయండి, దిద్దకండి.